సినిమాలో అందరూ మిస్సయ్యేవి కొందరికే ఎందుకు కనబడతాయి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: "నలుగురు స్నేహితులం కలిసి ఒకే సినిమా చూశాం. బయటికి రాగానే ఒకడు 'వెనకాల గోడ మీద ఏం రాసుందో చూశావా, ఆ మూల నిలబడ్డాయన ఎవరో తెలుసా' అని మొదలుపెడతాడు. నాకు అవేవీ కనబడలేదు. మళ్ళీ చూసినా కనబడవు. దీనికేమైనా కిటుకు ఉందా? అసలు డైరెక్టర్లు ఇవన్నీ కావాలనే పెడతారా, లేక చూసేవాళ్ళు కల్పించుకుంటారా?"

ముందు సూటిగా జవాబు చెప్పేస్తానండి. మాట్లాడుతున్న మనిషిని చూడడం మానేసి, వింటున్న మనిషిని చూడండి. కిటుకు అంతే. ఇక రెండో ప్రశ్న. కొన్ని కావాలనే పెడతారు. ఇంటర్నెట్లో తిరిగేవాటిలో ఎక్కువ భాగం మాత్రం షూటింగులో దొర్లిన పొరపాట్లు, లేదంటే అవసరానికి చేసుకున్న సర్దుబాట్లు. ఏది జోకు, ఏది పొరపాటు అని విడదీయడంలోనే అసలు మజా ఉంది. దాని గురించి కాస్త వివరంగా చెబుతాను.

నేను పాలకొల్లు వైపు ఒక థియేటర్లో చాలా ఏళ్ళు ప్రొజెక్టర్ ఆపరేటర్‌గా చేశాను. ప్రొజెక్టర్‌లో వెలుతురు కోసం కార్బన్ కడ్డీలు వెలిగించే రోజుల్లో చేరాను, డిజిటల్ వచ్చి బూత్‌లో మనిషి అవసరం తగ్గిపోయేదాకా ఉన్నాను. ఆడే సినిమా అయితే రోజుకు నాలుగు ఆటలు, వారాల తరబడి. బూత్‌లో ప్రొజెక్టర్ రొదకి డైలాగు సరిగా వినబడదు. గోడలో చిన్న అద్దపు కంత ఉంటుంది, తెర అందులోంచే చూడాలి. మొదటి రెండు రోజులూ అందరిలాగే హీరోనే చూస్తాం. తర్వాత ఎక్కడ ఏం చేస్తాడో కంఠతా వచ్చేస్తుంది, కళ్ళు వాటంతటవే పక్కలకి పోతాయి. హీరోయిన్ వెనకాల నీళ్ళబిందె మోసే అమ్మాయి, కోర్టు సీన్లో మూడో వరసలో ఆవలించే జూనియర్ ఆర్టిస్టు, ఫైటింగులో దెబ్బ తగలకముందే పడిపోయే రౌడీ. మాకేమీ దివ్యదృష్టి లేదు. విసుగు పుట్టి అటు చూశాం, కనబడింది.

మీకో ఉదాహరణ. పాత ప్రింట్లలో ఒక రీలు అయిపోయే ముందు తెరకి కుడివైపు పైమూలన చిన్న చుక్క పడేది. అది మా కోసం, ఒక రీలు ఒక ప్రొజెక్టర్‌లో, తర్వాతిది పక్కదాంట్లో ఉంటుంది కాబట్టి. మొదటి చుక్క పడగానే రెండో ప్రొజెక్టర్ మోటారు వేయాలి. సుమారు 7 సెకన్ల తర్వాత రెండో చుక్క పడుతుంది, అప్పుడు బొమ్మ ఇటునుంచి అటు మార్చాలి. చుక్క ఉండేది నాలుగు ఫ్రేములు. సెకనుకు 24 ఫ్రేములు కాబట్టి అది సెకనులో ఆరో వంతు. వెయ్యి అడుగుల రీలు 11 నిమిషాలు నడుస్తుంది, పదహారు రీళ్ళ సినిమా అంటే దాదాపు మూడు గంటలు. ఆ మూడు గంటల్లో ఆ చుక్క ఎన్నోసార్లు జనం కళ్ళముందు పడేది. నేల నుంచి బాల్కనీ దాకా ఒక్కరు కూడా "అదేంటి" అని అడిగిన పాపాన పోలేదు. ఎందుకంటే ఆ క్షణంలో అందరి కళ్ళూ మొహం మీదో, పెదాల మీదో ఉంటాయి. పైమూల ఎవరికీ పట్టదు. జోకు దాచాలనుకున్నవాడు కూడా సరిగ్గా అక్కడే దాస్తాడు.

వినేవాళ్ళ మొహాల్లో ఏముంటుంది

1957 నాటి మాయాబజార్ తీసుకోండి. అందరికీ తెలిసిన సినిమా కాబట్టి చెప్పడం తేలిక. మాయా శశిరేఖ సీన్లలో సావిత్రి గారు నటిస్తున్నది శశిరేఖను కాదు, శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుణ్ణి. 'అహ నా పెళ్ళియంట' పాటలో మధ్యలో ఘంటసాల గారి గొంతు రాగానే ఆమె భుజాలు విచ్చుకుంటాయి, నడకలో మగరాయుడి దర్జా వస్తుంది. ఇంతవరకు అందరూ చూస్తారు, చప్పట్లు కొడతారు. పెళ్ళిపీటల దగ్గరికి వచ్చేసరికి మాత్రం అందరూ సావిత్రి గారినే చూస్తూ ఉండిపోతారు. అక్కడ మీరు పెళ్ళికొడుకు లక్ష్మణకుమారుడిగా వేసిన రేలంగి గారిని చూడండి. కాలు తొక్కేసింది, నొప్పి. ఎదురుగా భయంకరమైన రూపం కనబడుతోంది, భయం. చుట్టూ జనం ఉన్నారు, పెళ్ళికొడుకు దర్జా తగ్గకూడదు. మూడూ ఆ ఒక్క మొహంలోనే! ఆ సీను సావిత్రి గారిదని లోకం అంటుంది. నన్నడిగితే సగం రేలంగి గారిదే.

ఆ సినిమాలోనే ఇంకో తమాషా. మొత్తం కథ నడిచేది పాండవుల వల్ల. వాళ్ళు జూదంలో ఓడిపోవడం వల్లే కదా అభిమన్యుడికి ఇవ్వాల్సిన పిల్లని దుర్యోధనుడి కొడుక్కి ఇస్తామంటారు. కానీ సినిమా మొత్తంలో పాండవులు ఒక్క ఫ్రేములో కూడా కనబడరు. దశాబ్దాలుగా చూస్తున్నవాళ్ళని అడగండి, చాలామంది "అదేంటి, ధర్మరాజు ఉన్నాడుగా" అంటారు. లేడు. ఉన్నది కనిపెట్టడమే గొప్ప అనుకుంటాం గానీ, లేనిది లేదని కనిపెట్టడం ఇంకా కష్టం. డైరెక్టర్ కె.వి.రెడ్డి గారు అంత పెద్ద లోటుని ఎవరికీ తెలియకుండా దాటించేశారు.

డైరెక్టర్ బాపు గారిది నరసాపురం, ఆయన రచయిత ముళ్ళపూడి వెంకటరమణ గారిది ధవళేశ్వరం. ఇద్దరూ మన గోదావరి వాళ్ళే. ముత్యాల ముగ్గు (1975)లో కాంట్రాక్టరు రావు గోపాలరావు గారి వెంట భజంత్రీలు ఉంటారు. ఆ డైలాగులు మా థియేటర్లో జనం ఆయనకంటే ముందే చెప్పేసేవారు. నేను మాత్రం ఆ భజంత్రీల్నే చూసేవాణ్ణి. డబ్బిచ్చేవాడు కళాపోషణ గురించి మాట్లాడుతుంటే పక్కనున్న కళాకారుడి మొహం ఎలా ఉంటుందో ఊహించుకుని, తర్వాత తెర మీద చూడండి. ఇక కథ సంగతి. అనుమానంతో భార్యని వదిలేసిన భర్త, పిల్లాడితో చెలిమి చేసే హనుమంతుడు. సాంఘిక సినిమా వేషంలో ఉన్న ఉత్తర రామాయణం అది. తెలిసి చూస్తే ఒక సినిమా, తెలియక చూస్తే ఇంకో సినిమా. రెండూ బాగానే ఉంటాయి. నిజమైన దాపరికం ఇలాగే ఉండాలని నా అభిప్రాయం. కనబడకపోయినా నష్టం ఉండకూడదు. కనిపెట్టకపోతే కథే అర్థం కాదంటే అది దాచిన జోకు కాదండి, సరిగా చెప్పలేకపోయిన కథ.

మీరు చూస్తున్నది పూర్తి బొమ్మేనా?

దీని సంగతి ఎవరూ చెప్పరు. తెలుగులో మొదటి సినిమాస్కోప్ చిత్రం 1974లో వచ్చిన అల్లూరి సీతారామరాజు. స్కోప్ అంటే వెడల్పు ఎత్తుకి రెండింతలకన్నా ఎక్కువ, 2.35కి 1. మన పాత టీవీ డబ్బా 4:3. స్కోప్ బొమ్మని ఆ డబ్బా నిండా పట్టించాలంటే పక్కల్లో 43 శాతం దాకా కోసేయాలి. టీవీలోనూ, వీడియో క్యాసెట్లలోనూ చాలా సినిమాలకి అలాగే చేశారు. అంటే అరుగు మీద హీరో మాట్లాడుతుంటే ఆ చివర కూర్చుని తాంబూలం నములుతూ మొహం చిట్లించే మావయ్య టీవీలో లేడు. ఒక తరం మొత్తం ఆ సినిమాల్ని మావయ్య లేకుండానే చూసి, "అందులో కామెడీ తక్కువ" అనేసింది. కాబట్టి పాత స్కోప్ సినిమా వెతికేటప్పుడు పైనా కిందా నల్లపట్టీలు ఉన్న కాపీయే చూడండి. పట్టీలు చూసి చిరాకుపడి జూమ్ చేసేవాళ్ళున్నారు. మూలలు పోగొట్టుకునేది వాళ్ళే.

టైటిల్స్ పడేటప్పుడు పాప్‌కార్న్‌కి వెళ్ళకండి

సినిమా మొదట్లో పడే సెన్సార్ సర్టిఫికెట్ ఎవరైనా చదువుతారా? ఎడమవైపు కింది మూలన త్రికోణం గుర్తు ఉంటే ఆ సినిమాలో కోతలు పడ్డాయని లెక్క. అది చూశాక సినిమాలో ఎక్కడైనా మాట హఠాత్తుగా తెగినా, పాట మధ్యలో తాళం తప్పినట్టు అనిపించినా కారణం తెలిసిపోతుంది. మా బూత్‌లో మొదటి ఆటకి ముందు అందరం చూసేది ఇదే. పంటు మీద, అంటే ఏరు దాటించే పెద్ద పడవ మీద, రీలు పెట్టెలు వచ్చేవి, తెరిచేసరికే సంగతి తెలిసేది.

టైటిల్స్‌లో కూడా సరదాలుంటాయి. గుండమ్మ కథ (1962)లో పెద్ద తారల పేర్లు ఎవరిది ముందు, ఎవరిది వెనక అన్న పేచీ లేకుండా పేర్లకి బదులు ఫోటోలు వేశారు. తెలియనివాళ్ళకి అదో కొత్త ఫ్యాషన్‌లా కనబడుతుంది. జంధ్యాల గారిదీ నరసాపురమే. ఆయన 1987లో తీసిన 'అహ నా పెళ్ళంట' పేరు వినగానే పైన చెప్పిన మాయాబజార్ పాట గుర్తుకు రావాలి. ఇక చివర్లో 'కృతజ్ఞతలు' అని పరుగెత్తే కార్డు ఉంటుంది చూశారూ, అందులో ఏ ఊరి వాళ్ళకి, ఏ ఇంటివాళ్ళకి దండం పెట్టారో చూస్తే సినిమా ఎక్కడ తీశారో సగం తెలిసిపోతుంది.

డైరెక్టర్ తానే తెర మీదికి రావడం పాత సరదా. బాహుబలి మొదటి భాగంలో సారాయి అమ్మేవాడిగా రాజమౌళి గారు కనబడతారు, ఈపాటికి మీకు తెలిసే ఉంటుంది. దీనికి పెద్ద గురువు హాలీవుడ్ డైరెక్టర్ హిచ్‌కాక్. తన సినిమాల్లో ఎక్కడో ఒకచోట నడిచిపోవడం ఆయన అలవాటు. 1944లో 'లైఫ్‌బోట్' అని తీశాడు. కథంతా సముద్రం మధ్య ఒక పడవలోనే. దారిన పోయే మనిషిగా రావడానికి అక్కడ దారే లేదు! ఏం చేశాడంటే, పడవలో ఒకాయన చదివే పేపర్లో లావు తగ్గించే మందు ప్రకటన పెట్టించి, అందులో ముందూ తరువాతా బొమ్మలుగా తన ఫోటోలే వేయించాడు. చిక్కు వచ్చినచోట అలాంటి దారి వెతికాడు చూడండి, అదీ తెలివంటే. ఊరికే గుంపులో నిలబడి పోవడంలో అంత గొప్పేం లేదు.

ఇక మన గోదావరి డెల్టా సంగతి

ఇక్కడ పుట్టినవాళ్ళకి ఒక సౌకర్యం ఉంది. కోనసీమలో, పశ్చిమ డెల్టాలో తీసిన సినిమా చూస్తే అది ఏ నెలలో తీశారో మనకి తెలిసిపోతుంది. బయటివాళ్ళకి అంతా ఒకటే పచ్చదనం.

ముందు కాలువ చూడండి. వేసవిలో మన కాలువలకి నీళ్ళు ఆపేస్తారు, జూన్‌లో మళ్ళీ వదులుతారు. మే నెల ముహూర్తం అని శుభలేఖలో చూపించి, వెనకాల కాలువ గట్టు ఒరుసుకుని నిండుగా పారుతుంటే ఆ పెళ్ళి మేలో జరగలేదన్నమాట. చలికాలంలో తీసేశారు. యూనిట్లు ఎక్కువగా అప్పుడే వస్తాయి మరి, ఎండలో మేకప్ నిలవదు.

తర్వాత చేను. సార్వా (మొదటి పంట) కోతలు నవంబరు, డిసెంబరుల్లో అయిపోతాయి. సంక్రాంతికి దాళ్వా (రెండో పంట) ఊడ్పులు నడుస్తుంటాయి, లేదంటే చేలో మినుము ఉంటుంది. సంక్రాంతి పాటలో హీరో హీరోయిన్లు బంగారు రంగు వరికంకుల మధ్య పరుగెడుతున్నారంటే నవ్వొస్తుంది. ఆ పాటికి ధాన్యం పురిలోనో మిల్లులోనో ఉండాలి. ఇంకో సరదా ఉంది. ఒకే మాటల సీను రెండు షెడ్యూళ్ళలో తీస్తే హీరో వైపు చేను మోకాలెత్తు ఉంటుంది, హీరోయిన్ వైపు నడుమెత్తు ఉంటుంది. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకునే రెండు నిమిషాల్లో పైరు అంత ఎదిగిపోతుంది. జనం ఆమె కళ్ళు చూస్తారు కాబట్టి ఎవరికీ పట్టదు.

ఏటి రంగు కూడా అంతే. వరద రోజుల్లో గోదావరి ఎర్రనీరు. చలికాలానికి తేరుకుని తేటపడుతుంది. ఒకే పడవ ప్రయాణంలో దూరం నుంచి తీసిన షాటులో ఎర్రనీరు, దగ్గర షాటులో తేటనీరు ఉంటే దగ్గరిది నెలల తర్వాత తీశారని అర్థం. నరసాపురం, అంతర్వేది వైపైతే సముద్రపు పోటు కూడా తోడవుతుంది. రేవు మెట్ల దగ్గర సీను చూడండి. ఒక షాటులో నాలుగు మెట్లు పైకి కనబడతాయి, వెంటనే వచ్చే షాటులో రెండే. అది తీయడానికి పూట పట్టిందని ఆ మెట్లే చెబుతాయి. పాపికొండల మీదుగా భద్రాచలం వెళ్ళే కథలున్నాయి కదా, అందాల రాముడు (1973), గోదావరి (2006). రాజమండ్రి నుంచి భద్రాచలం అంటే ఏటికి ఎదురు. పడవ ఎటు పోతోందో, నీళ్ళు ఎటు పారుతున్నాయో చూస్తే ఏ షాటు తిరుగుప్రయాణంలో తీశారో మీకే తెలుస్తుంది.

వంతెనలు ఇంకా తేలిక. రాజమండ్రి పాత రైలు వంతెన 1900 నాటిది, దాని మీద 1997 దాకా రైళ్ళు నడిచాయి. రోడ్డు కం రైలు వంతెన 1974లో వచ్చింది. విల్లుల్లా ఒంగి ఉండే ఆర్చి వంతెన కట్టింది 1990ల్లో. కథ 1960ల్లో అని చెబుతూ సూర్యోదయం షాటులో ఆర్చి వంతెన చూపిస్తే ఇంకేం చెప్పాలి. అందంగా ఉంటుంది కాబట్టి ఎడిటర్‌కి తీసేయబుద్ధి కాదు.

మావైపు ఎవరైనా షూటింగుకి వస్తే ఇల్లు చూపించడానికి, మనుషుల్ని పోగుచేయడానికి నన్ను కూడా పిలుస్తుండేవారు. ఒక యూనిట్ రాజోలు దగ్గర ఒక మండువా ఇంట్లో తీసింది. పెరట్లో హీరోయిన్, తల్లి మాట్లాడుకునే సీను, వెనకాల కొబ్బరిచెట్లు. సగం తీశాక పెద్ద నటికి డేట్లు కుదరక ఆపేసి వెళ్ళిపోయారు. మళ్ళీ వచ్చేలోపు ఇంటివాళ్ళు దింపు తీయించేశారు, అంటే కాయలన్నీ దించేశారు. రెండు నెలలకోసారి తీయించేదే కదా, సినిమా కోసం ఆపుతారా? తెర మీద చూస్తే కూతురు మాట్లాడినప్పుడు చెట్ల నిండా గెలలు, తల్లి మాట్లాడినప్పుడు బోసి చెట్లు. కూతురికి కాపు, తల్లికి దింపు. సినిమా బాగా ఆడింది, ఎవరూ పట్టించుకోలేదు. మా ఊరి దింపు మనిషి ఒక్కడే నేల క్లాసులోంచి గట్టిగా నవ్వాడు. పక్కవాళ్ళు అతన్ని కసిరారు, అది ఏడుపు సీను మరి.

అదే చోట కావాలని పెట్టిన జోకు కూడా ఒకటి చూశాను. టీకొట్టు సెట్టు వేశారు. ఆర్ట్ డిపార్ట్‌మెంట్ కుర్రాడు పాతబడినట్టు కనబడాలని గోడ మీద బొగ్గుతో బాకీల లెక్క రాస్తున్నాడు. పేర్లు ఎవరివో కాదు, యూనిట్ వాళ్ళవే. అన్నిటికన్నా పైన, అన్నిటికన్నా పెద్ద అంకె ప్రొడక్షన్ మేనేజరుది. కుర్రాడికి అప్పటికి బేటా (రోజు ఖర్చుల డబ్బు) సరిగా ఇవ్వడం లేదని తర్వాత తెలిసింది. కెమెరా ముందు హీరో ఛాలెంజ్ చేస్తుంటాడు, భుజం వెనకాల ఆ లెక్క స్పష్టంగా కనబడుతుంది. మేనేజరు ప్రివ్యూలో చూశాడట. అప్పటికే నెగెటివ్ కట్ అయిపోయింది, ఏం చేస్తాడు?

షాపుల బోర్డులు, గోడ రాతలు, క్యాలెండర్లు, బస్సు మీద ఊరి పేరు ఇవన్నీ ఎవరో ఒక మనిషి చేత్తో రాసినవే. డైరెక్టర్ చెప్పి రాయించేవి తక్కువ. కింది స్థాయి కుర్రాళ్ళ సరదాలన్నీ అక్కడ దొరుకుతాయి. టైటిల్స్‌లో పేరు పడే అవకాశం లేనివాళ్ళు కదా, గోడ మీదైనా రాసుకుంటారు.

ఊరినే మార్చేయడం ఇంకో రకం. రంగస్థలం (2018) ఊరు చాలావరకు హైదరాబాద్‌లో వేసిన సెట్టు. చాలా బాగా వేశారు, మనవాళ్ళకి కూడా వెంటనే తెలియదు. పుష్ప (2021) కథ శేషాచలం అడవుల్లో ఎర్రచందనం గురించి, షూటింగు ఎక్కువగా చేసింది మన మారేడుమిల్లిలో. ఎర్రచందనం పెరిగేవి పొడి అడవులు, మారేడుమిల్లి తడి అడవి. మన ఏజెన్సీ అడవులకి పిక్నిక్ వెళ్ళినవాళ్ళు చూస్తే ఆ పచ్చదనం ఎక్కడిదో పోల్చుకుంటారు. దీన్ని తప్పనడం నాకిష్టం ఉండదు. ఏ అడవి అయినా తెర మీద కథ నిలబడితే చాలు. కాకపోతే తెలిసి చూడడంలో ఒక ఆనందం ఉంది.

యాస గురించి ఒక్క మాట. ప్రతి వాక్యం చివర 'అండి', నాలుగు మాటలకోసారి 'ఆయ్' తగిలిస్తే గోదావరి యాస అయిపోదండి. ఇంట్లో పెద్దావిడ కొడుకుని తిడుతూ కూడా 'అండి' అంటుంటే డబ్బింగు ఎక్కడ చెప్పారో తెలిసిపోతుంది.

జోకా, పొరపాటా?

నేను చూసేది ఒక్కటే. దాన్ని అక్కడ పెట్టడానికి ఎవరైనా పని పెట్టుకోవాల్సి వచ్చిందా? బాకీల గోడకి ఒక కుర్రాడు బొగ్గు పట్టుకుని అరగంట నిలబడ్డాడు, కాబట్టి జోకు. హిచ్‌కాక్ ఫోటోలు తీయించి ప్రకటన అచ్చు వేయించాడు, జోకు. కొబ్బరిచెట్లు బోసిపోవడానికి యూనిట్లో ఎవరూ వేలు కదపలేదు, అది పొరపాటు. అదే హిచ్‌కాక్ తీసిన 'నార్త్ బై నార్త్‌వెస్ట్' (1959)లో కెఫెటీరియాలో తుపాకీ పేలే సీను ఉంది. పేలకముందే వెనకాల కూర్చున్న ఒక పిల్లాడు చెవులు మూసుకుంటాడు. రిహార్సల్లో మోత విని ఉంటాడు పాపం. దాన్ని పట్టుకుని "పిల్లాడికి భవిష్యత్తు తెలుసు" అని పేజీలు రాసేవాళ్ళని చూశాను. ఏమీ లేదండి, చెవులు నొప్పి పుడతాయని భయం.

ఒక్కోసారి పొరపాటే ముదిరి జోకవుతుంది. 1977 నాటి 'స్టార్ వార్స్'లో తెల్ల కవచం తొడుక్కున్న సైనికుడొకడు తలుపు కింద నుంచి వస్తూ నుదురు కొట్టుకుంటాడు. అప్పుడు ఎవరూ చూసుకోలేదు. అభిమానులు కనిపెట్టి ఏళ్ళ తరబడి చెప్పుకున్నారు. 2004లో డివిడి తెచ్చినప్పుడు అక్కడ 'టప్' మని శబ్దం కలిపారు. శబ్దం కలపడానికి పని పెట్టుకున్నారు కాబట్టి, నా లెక్కలో అది ఆ రోజు నుంచి జోకు.

శబ్దాల గురించి ఇంకా రాయొచ్చు గానీ క్లుప్తంగా చెబుతాను. హాలీవుడ్‌లో 1951 నాటి ఒక సినిమా కోసం రికార్డు చేసిన కేక ఒకటుంది, 'విల్‌హెల్మ్ స్క్రీమ్' అంటారు. సౌండ్ డిజైనర్లు సరదాగా దాన్నే వందల సినిమాల్లో వాడుతూ వచ్చారు. ఒకసారి యూట్యూబ్‌లో విని గుర్తుపెట్టుకోండి, డబ్బింగ్ సినిమాల్లో ఎవడు పైనుంచి పడినా అదే కేక వినబడి నవ్వు ఆగదు. మన సినిమాల్లో మాటలు, శబ్దాలు చాలావరకు తర్వాత కలిపినవే కాబట్టి సంక్రాంతి ముగ్గుల సీన్లో కోయిల కూస్తుంటుంది. మన పెరట్లో కోయిల గొంతు విప్పేది మామిడి పూత తర్వాత కదా.

మీరు ఎలా మొదలుపెట్టాలంటే, తెలిసిన సినిమా ఒకటి తీసుకోండి. కథ కొత్తదైతే కళ్ళు పక్కకి పోవు, ఆ ప్రయత్నం వృథా. మొత్తం చూడకండి, పది నిమిషాలు చాలు, మా లెక్కలో ఒక రీలు. ఒకసారి సౌండ్ ఆపేసి చూడండి, ఇంకోసారి కళ్ళు మూసుకుని వినండి. సౌండ్ ఆపగానే మాట్లాడేవాడి మీద మోజు సగం పోతుంది, వెనకవాళ్ళు కనబడడం మొదలవుతారు. పెళ్ళి, పంచాయితీ, సంత, బస్సు లాంటి జనం ఉన్న సీన్లు ఎంచుకోండి. ఇద్దరే ఉన్న గదిలో దాచడానికి చోటు తక్కువ. ప్రతి రెండు నిమిషాలకీ పాజ్ కొట్టడం నాకు నచ్చదు. ఆగిన బొమ్మలో ఏదో ఒకటి దొరికినట్టే అనిపిస్తుంది. కదులుతున్నప్పుడు కనబడని దాన్ని తీసినవాళ్ళు కూడా జనానికి చూపించాలని పెట్టి ఉండరు, ఆ టీకొట్టు కుర్రాడి లాంటివాళ్ళు తప్ప.

కొత్త సినిమా మొదటి ఆటకి మాత్రం ఇవేవీ పెట్టుకోకండి. హాయిగా హీరోనే చూడండి. పక్కసీటు వాడి చెవిలో "అటు చూడు" అని గొణగొద్దు, అలాంటివాళ్ళ మీద జనం పైకి చూసి మా బూత్‌కే ఫిర్యాదు చేసేవారు, మేమేదో చేయగలిగినట్టు.

మాయాబజార్ పెళ్ళి సీనుతో మొదలుపెట్టమని నా సలహా, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. 2010లో రంగులు వేసిన కాపీ కూడా ఉంది గానీ నలుపు తెలుపుదే చూడండి, రంగుల్లో కళ్ళు నగల మీదికి పోతాయి. ముందు రేలంగి గారిని చూడండి, తర్వాత వెనక వరసలో కూర్చున్నవాళ్ళని. ఏం కనబడిందో ఎన్నో నిమిషంలో కనబడిందో ఇక్కడే రాయండి, నేనూ పెట్టుకుని చూస్తాను.